చీరల వెబ్‌సైటు చూసేవాళ్లున్నారు, కొనేవాళ్లు లేరు: ఏం మార్చాలి?

నేత_అంచు (కేఆర్ పురం):
అందరికీ నమస్తే. మంగళగిరి, వెంకటగిరి చీరలు తెప్పించి బెంగళూరులో అమ్ముతాం. వాట్సాప్ గ్రూపుల్లో బాగానే పోతాయి. అపార్ట్‌మెంట్లలో స్టాల్ పెడితే సాయంత్రానికి బల్ల ఖాళీ. సొంత సైటులో మాత్రం జనం కార్ట్‌లో వేసుకుని, పేమెంట్ దాకా వచ్చి వెళ్లిపోతున్నారు. థీమ్ మొత్తం మార్చాలని ఒక ఏజెన్సీ వాళ్లు అంటున్నారు. వాళ్లు చెప్పిన రేటు వింటేనే టెన్షన్‌గా ఉంది. మార్చమంటారా?

వైట్‌ఫీల్డ్_కోడర్:
థీమ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ ప్రొఫైల్లో ఉన్న లింకు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూశాను. పైన తిరిగే బ్యానర్లు పూర్తిగా వచ్చేలోపే విసుగొచ్చింది. ఫొటోలు కెమెరాలోంచి దించినవి దించినట్టే ఎక్కించారు. వెడల్పు 1200 పిక్సెల్స్ దగ్గరకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి పెట్టండి. సైటు వేగం కొలిచి మార్కులిచ్చే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితమే. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనబడితే బాగున్నట్టు వాళ్ల లెక్క. మొబైల్ మార్కులే చూడండి, డెస్క్‌టాప్ మార్కులు చూసి మురిసిపోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి: డబ్బు కట్టే ముందు అకౌంట్ తెరవమని, పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతోంది మీ సైటు. చీర కొనడానికి పాస్‌వర్డ్ ఎందుకండీ? ఫోన్ నంబరు, అడ్రసు చాలు. యూపీఐ ఆప్షన్ కార్డుల కింద ఎక్కడో ఉంది, దాన్ని పైకి తెండి.

జేపీనగర్_బొటిక్:
స్పీడ్ సంగతి తమ్ముడు చెప్పాడు, ఫొటోల సంగతి నేను చెప్తా. ట్యూబ్‌లైట్ కింద తీసినట్టున్నారు. రామా గ్రీన్ చీర మీ ఫొటోలో నీలంగా ఉంది. అది అందుకున్నావిడ తిప్పి పంపకుండా ఉంటుందా? ఉదయం పూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తీయండి. ముందు తెల్ల కాగితం ఒకటి చీర మీద పెట్టి ఫొటో తీసి చూడండి. కాగితం పచ్చగానో నీలంగానో కనిపిస్తే చీర రంగూ తప్పే. ఫిల్టర్ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఒక్కో చీరకు ఏమేం కావాలంటే, కొంగు పూర్తిగా పరిచి ఒకటి. అంచు దగ్గర్నుంచి, పక్కన చెయ్యి పెట్టి ఒకటి, అప్పుడే అంచు ఎంత వెడల్పో తెలుస్తుంది. ఎవరైనా కట్టుకుని నిలబడినది ఒకటి. జాందానీ (మగ్గం మీదే చేత్తో బుటాలు నేసినది) అయితే వెనక వైపు తప్పకుండా, తెలిసినవాళ్లు ముందు చూసేది అదే. షాపుల్లో నిలబెట్టే బొమ్మకు కట్టిన ఫొటోలు నాకైతే నచ్చవు, కుచ్చిళ్లు ఎలా పడతాయో తెలియదు.

పేర్లు కూడా మార్చండక్కా. ‘ఎలిగెంట్ ఫెస్టివ్ శారీ’ అని ఎవరు వెతుకుతారు? ‘మంగళగిరి నూలు చీర, నిజాం అంచు, చిలకపచ్చ’ అని రాస్తే గూగుల్‌కీ అర్థమవుతుంది, మనిషికీ అర్థమవుతుంది.

చిక్‌పేట_పెద్దాయన:
అమ్మా, నేను బట్టల కొట్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వెబ్‌సైట్ల గురించి నాకు తెలియదు గానీ కౌంటర్ ముందు కూర్చున్న ఆడవాళ్లు అడిగేవి మాత్రం నాకు కంఠతా వచ్చు. రంగు పోతుందా? జాకెట్టు ముక్క ఉందా? జరీ ఎలాంటిది? నచ్చకపోతే మార్చుకోవచ్చా? వీటికి జవాబులు రేటు పక్కనే ఉండాలి. చీర 5.5 మీటర్లు, జాకెట్టు 80 సెంటీమీటర్లు అయితే అలాగే విడివిడిగా రాయండి. టెస్టెడ్ జరీ, అంటే అసలు వెండి జరీ కానిది అయితే, టెస్టెడ్ జరీ అనే రాయండి.

పట్టు చీరలు కూడా పెడితే సిల్క్ మార్క్ (అసలు పట్టేనని చూపే ముద్ర) సంగతి చూడండి. సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో మొదలుపెట్టిన పథకం అది. ట్రాఫిక్‌కు పేరుబడ్డ మన సిల్క్ బోర్డ్ జంక్షన్‌కు ఆ పేరు ఆ ఆఫీసు వల్లే వచ్చింది!

బెళ్లందూరు_సెల్లర్:
సీఓడీ (సరుకు అందాక డబ్బు కట్టడం) ఉందా? లేకపోతే కొత్తవాళ్లు కొనరు. ‘ఆఫర్ పది నిమిషాల్లో ముగుస్తుంది’ అని టైమర్ కూడా పెట్టండి.

వైట్‌ఫీల్డ్_కోడర్:
టైమర్ వద్దు బ్రో. లేని తొందర పెట్టడం, చివర్లో కొత్త ఛార్జీలు బయటపెట్టడం 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే ఎత్తుగడలు) మార్గదర్శకాల ప్రకారం తప్పు. నేత_అంచు గారూ, మీ సైటులో డెలివరీ ఛార్జి ఆఖరి పేజీలోనే కనిపిస్తోంది. జనం అక్కడే పారిపోతున్నారని నా అనుమానం. చీర పేజీలోనే చెప్పేయండి, లేదా రేటులో కలిపేయండి.

మారతహళ్లి_అన్న:
సీఓడీతో జాగ్రత్త. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని తిరుగుటపాలో వచ్చేవి నాకు బోలెడు. పోనూ రానూ కొరియర్ ఖర్చు మన నెత్తినే. ఇప్పుడు రెండొందలు యూపీఐలో ముందు తీసుకుని, వాట్సాప్‌లో అడ్రసు ఖాయం చేసుకున్నాకే పంపుతున్నా. ఆర్డర్లు కొంచెం తగ్గాయి, నిద్ర బాగా పడుతోంది.

పెట్టె సైజు కూడా చూసుకోండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అది అసలు బరువుకంటే ఎక్కువైతే దాని మీదే ఛార్జి. 40×30×8 అట్టపెట్టెలో అరకిలో చీర పెడితే 1.92 కిలోల లెక్క. అదే చీర 35×28×3 సైజులో చదునుగా మడిచి, గట్టి కవర్లో పంపితే 0.59 కిలో. గిఫ్ట్ బాక్సు కావాలన్నవాళ్లకు విడిగా రేటు పెట్టండి.

నేత_అంచు:
చాలా థాంక్స్. ఏజెన్సీ వాళ్లకు ఇప్పుడే వద్దని చెప్పేశాం. డెలివరీ ఛార్జి రేటులో కలిపాం, అకౌంట్ అడగడం తీసేశాం. ఫొటోలు ఈ ఆదివారం మొదలుపెడతాం. ఒక సందేహం: హైదరాబాద్, విజయవాడ ఆర్డర్లకు జీఎస్టీ తప్పనిసరా? టర్నోవర్ చిన్నదే.

మారతహళ్లి_అన్న:
వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్‌తో పని లేకుండా రిజిస్ట్రేషన్ అడుగుతారు. కొన్ని హస్తకళా వస్తువులకు సడలింపు ఉంది. మీ చీరలు అందులోకి వస్తాయో రావో, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే నంబరు) రాసుకుని వెళ్లి ఆడిటర్‌ను అడగండి. సైటులో రేటు పెట్టేముందే అడగండి.

జేపీనగర్_బొటిక్:
ఎక్స్ఛేంజ్ రూలు కూడా రాసెయ్యండక్కా. ఫాల్ కుట్టించాక వాపసు ఉండదని ముందే చెప్పకపోతే గొడవ ఖాయం.