ప్రార్థన నోట్‌బుక్ రాసి సంఘంలో చూపించాలా?

రూళ్ళ_నోటు, అనంతపురం

అందరికీ వందనాలు. ఈసారి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా యూత్ వాళ్ళకు వాగ్దానం కార్డుతో (కొత్త ఏడాదికి ఒక బైబిల్ వాక్యం రాసిన కార్డు) పాటు తలా ఒక 200 పేజీల నోట్‌బుక్ ఇచ్చారు. చదివిన వాక్యం, అందులో నాకు తగిలిన మాట, ఆ రోజు చేసిన తప్పు, ఒక ప్రార్థన రోజూ రాయాలి. నెలాఖరు ఆదివారం లీడర్ అన్నకు ఇస్తే చూసి సంతకం పెడతాడు.

పన్నెండు రోజులు బాగానే రాశాను. నైట్ డ్యూటీ దిగి వచ్చాక ఆ పది నిమిషాలు మనసు తేలికగా ఉండేది కూడా. పదమూడో రోజు మా అమ్మ మీద కోపం గురించి రాయబోయి ఆగిపోయాను. అన్న చదువుతాడు కదా! "ఈరోజు సహనం తక్కువైంది" అని రాసి మూసేశాను. అప్పటి నుంచి నేను రాసేదంతా ఆయన సంతకం కోసమే. అసలు ఇలా రాయమని బైబిల్లో ఉందా? ఉంటే చూపించమని కూడా ఉందా?

గుత్తి_కోట, గుత్తి

రాయమ్మా, మానొద్దు. ద్వితీయోపదేశకాండము 17లో రాజు సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రాన్ని తన కోసం ఒక ప్రతి రాసుకుని రోజూ చదువుకోవాలని ఉంది. యిర్మీయా 36లో చూడు. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను చాకుతో కోసి కుంపట్లో వేస్తే, యిర్మీయా చెప్తుంటే ఆయన లేఖకుడు బారూకు మళ్ళీ మొత్తం రాశాడు. ముందున్న దానికి ఇంకా కలిపి రాశాడు.

రిటైర్ అయిన టీచర్ని. 31 ఏళ్ళుగా రాస్తున్నాను, అదీ ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చే డైరీల్లో. ఎడమ పేజీలో ప్రార్థన, తేదీ. కుడి పేజీలో జవాబు వచ్చిన తేదీ. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని సాకిన జార్జి ముల్లర్ తన ప్రార్థనలకు, జవాబులకు ఇలాగే లెక్క రాసి పెట్టాడని విని మొదలుపెట్టాను. వేరుశెనగకు వాన అడిగింది, బోరులో నీళ్ళు అడిగింది, అమ్మాయి కాన్పు, అన్నీ ఉన్నాయి. కుడివైపు ఖాళీగా మిగిలినవీ ఉన్నాయి. 2011లో అడిగింది ఒకటి ఇప్పటికీ ఖాళీయే. అదేందో ఇక్కడ రాయను.

లీడర్ చూడడం గురించి అడిగావు. మొదట్లో ఎవరో ఒకరు అడుగుతుంటేనే అలవాటు నిలబడుతుంది. బడిలో కాపీరైటింగ్ దిద్దితేనే పిల్లలు రాసేది. అదే అనుకో.

రాతి_బాట, కర్నూలు

సార్, మీరు చూపించిన రెండూ దేవుని మాట రాసిన సందర్భాలు. మన మూడ్ ఎలా ఉందో రాసుకున్నవి కావు. మత్తయి 6లో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు ప్రభువు, పెన్ను తీసుకెళ్ళమనలేదు. ఈ జర్నల్ అనేది యూట్యూబ్‌లో తెల్లవాళ్ళను చూసి నేర్చుకున్నది. రంగు పెన్నులు, స్టిక్కర్లు, ఫోటో తీసి స్టేటస్! మా అవ్వకు సంతకం రాదు, వేలిముద్రే. కీర్తనలు మాత్రం పుస్తకం లేకుండా ఎన్ని పాడేదో లెక్కలేదు. శుక్రవారం కూటంలో లేచి సాక్ష్యం చెప్తే జనం ఏడ్చేవాళ్ళు. యొర్దాను నది దాటాక యెహోషువ ఏం చేయించాడు? పన్నెండు రాళ్ళు పెట్టించాడు. పిల్లలు అడిగితే నోటితో చెప్పమన్నాడు.

గుత్తి_కోట, గుత్తి

బాగా చెప్పావు నాయనా. కానీ మన తెలుగులో "రాయి" అంటే రెండూ కదా! నేను రెండో రాయి పట్టుకున్నాను, అంతే.

కడప_గడప, కడప

రాతి_బాట అన్నా, తెల్లవాళ్ళ అలవాటు అన్నావు కాబట్టి ఒక మాట. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. ఆ దొరలు పంపిన ఉత్తరాలు, రిపోర్టులు ఇప్పటికీ లండన్‌లో సోయాస్ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి. ఏ పల్లెలో బడి పెట్టారు, ఎవరు బాప్తిస్మం తీసుకున్నారు, మన సంఘాల చరిత్ర తెలుసుకోవాలంటే అక్కడికే పోవాలి. 1876-78 కరువులో మన జిల్లాలు ఎంత నాశనమయ్యాయో దొరల లెక్కల్లో ఉంది. ఆ కరువులో మన అవ్వల అవ్వలు దేవునికి ఏమని మొరపెట్టుకున్నారో వాళ్ళ సొంత మాటల్లో ఒక్క కాగితం నా కంటపడలేదు. వాళ్ళకు అక్షరం అందనివ్వలేదు కాబట్టి రాయలేదు. దాన్ని మన సంప్రదాయం అని గొప్పగా చెప్పుకుంటే నాకు మింగుడుపడదు.

ఇక చూపించే సంగతి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ అచ్చు వేసిన జర్నల్ అందరికీ తెలుసు. ఆయన దగ్గర సొంత డైరీ వేరే ఉండేది. దాన్ని గుర్తులతో, పొడి అక్షరాలతో, పక్కవాడికి అర్థం కాకుండా రాసుకున్నాడు. తర్వాతి కాలంలో పండితులు కుస్తీ పడి విప్పారు. పదిమందికి చూపించేది ఒకటి, తనకూ దేవునికీ మధ్య ఉండేది ఒకటి. అంత పెద్దాయనకే రెండు పుస్తకాలు కావాల్సి వస్తే, ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్న ఈ పిల్లలకు ఒకటే ఇచ్చి దాన్నీ సంతకానికి తెమ్మంటే ఎట్లా?

ముద్దనూరు_అక్క, కడప జిల్లా

నేను మామూలుగా ఇక్కడ చదివి పోతాను, రాయను. ఈరోజు రాయాలనిపించింది.

పెళ్ళయిన కొత్తలో నేనూ ప్రార్థన పుస్తకం రాసేదాన్ని. మా ఆయన తాగుడు గురించి, అత్త మాటల గురించి, ఇంకా పిల్లలు లేరని. బియ్యం డబ్బా వెనక పెట్టేదాన్ని. ఒకరోజు మా ఇంట్లోనే కూటం. ప్రార్థన విన్నపాలు అడుగుతుంటే మా అత్త ఆ పుస్తకం తెచ్చి మా ఆడబిడ్డతో చదివించింది. "కోడలు మన కోసం ఎంత ప్రార్థన చేస్తోందో వినండి" అని. వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. పాస్టరమ్మ చదవొద్దని ఆపలేదు. చివర్లో నా మనసు మారాలని ప్రార్థన చేసింది.

నాలుగేళ్ళు పెన్ను ముట్టలేదు. ప్రార్థన కూడా గట్టిగా చేయలేకపోయాను, ఎవరన్నా వింటున్నారేమో అని. 88వ కీర్తన చూడండి, చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అలాంటిది బైబిల్లో ఉండొచ్చు గానీ నా పుస్తకంలో ఉంటే తప్పయింది.

ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. పేర్లు రాయను, "అ", "ఆ" అని పెడతాను. చెల్లీ, నీ తప్పులు ఆ నోట్‌లో రాయొద్దు. ఒప్పుకునేది దేవుని దగ్గర నోటితో ఒప్పుకో.

మరియాపురం_గంట, కడప

అక్కా, చదివి గుండె బరువెక్కింది. మేము క్యాథలిక్కులం. పాపసంకీర్తనలో గురువుకు చెప్పింది ఆయన ఎవరికీ చెప్పకూడదు, చెప్తే ఆయన మీదే శిక్ష. ఆ కట్టుబాటు లేని మనిషి చేతికి తప్పుల లిస్టు ఎలా ఇస్తారో నాకర్థం కాదు. జెస్విట్ సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలన ఒకటి ఉంది. పడుకునే ముందు ఆ రోజంతా దేవునితో కలిసి వెనక్కి తిరిగి చూసుకోవడం, ముందు కృతజ్ఞతతో మొదలుపెట్టి. రాయాలని రూలేమీ లేదు. నేను రెండు ముక్కలు రాస్తాను, నిద్ర రాకపోతే నాలుగు.

ఎడారి_పాట, కువైట్ (మాది రాజంపేట)

ఇది నా పక్కనున్న అమ్మాయితో టైప్ చేయిస్తున్నా. నాకు చదువు రాదు. రాత్రి పని అయ్యాక ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేస్తా, దేవునికి. పోయిన ఏడాది ఇదే నెలలో చేసింది మొన్న విన్నా. అప్పుడు దేనికి అంత ఏడ్చానో నాకే గుర్తులేదు. అది కూడా లెక్కలోకి వస్తదా?

రాతి_బాట, కర్నూలు

వస్తది అక్కా. మీది విన్నాక నా వాదనలో సగం పోయింది. స్టిక్కర్ల మీద కోపం మాత్రం అలాగే ఉంది.

గుత్తి_కోట, గుత్తి

ముద్దనూరు_అక్క రాసింది రెండుసార్లు చదివాను. పైన నేను కాపీరైటింగ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 31 ఏళ్ళ డైరీలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, తాళంచెవి జంధ్యంలాగా ఎప్పుడూ నా ఒంటి మీదే, మొలతాడుకే ఉంటుందని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఆమెకు కూడా చూపించలేదు. నేను చూపించనిది ఆ పిల్లను చూపించమని ఎలా చెప్పాను?

రూళ్ళ_నోటు, అనంతపురం

అందరికీ థాంక్స్. నిన్న లీడర్ అన్నతో మాట్లాడాను. "దాచేది ఏముంది సిస్టర్?" అన్నాడు. చెడ్డవాడేం కాదు, పిల్లలు మధ్యలో వదిలేస్తారని ఆయన టెన్షన్. రాస్తున్నావా లేదా అని అడగండి, చెప్తాను, లోపల మాత్రం చూడొద్దు అన్నాను. ఆలోచిస్తానన్నాడు.

రాత్రి మా అమ్మ మీద ఉన్నదంతా మూడు పేజీలు రాశాను. ఈ ఆదివారం నోట్‌బుక్ తీసుకెళ్ళడం లేదు. అడిగితే మర్చిపోయానని మాత్రం చెప్పను.