బోబ్లింగెన్ వచ్చి నెల దాటింది, ఒక్క ఉత్తరమూ రాలేదు, తలుపుకి మాత్రం ఎవరో బోర్డు తగిలించారు

కొత్తగా వచ్చాం:

నమస్కారం అండీ. మాది గుంటూరు. మావారికి ఇక్కడ ఉద్యోగం వస్తే పోయిన నెల బోబ్లింగెన్ వచ్చాం, జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కనే. మాకు అయిదేళ్ళ పాప. ఆయన పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తారు, కాబట్టి బయటి పనులన్నీ నా మీదే పడ్డాయి. నాకేమో "డాంకె", "మోర్గెన్" తప్ప జర్మన్ రాదు.

ఇల్లు దొరికిన రెండో వారంలోనే వెళ్ళి ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు, చేయించుకున్నాం. ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుందన్నారు, రాలేదు. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డులూ రాలేదు. బ్యాంకు వాళ్ళు కార్డు ఒక ఉత్తరంలో, పిన్ నంబరు ఇంకో ఉత్తరంలో పంపామంటున్నారు, అవీ రాలేదు. మావారి ఆఫీసులో ట్యాక్స్ నంబరు ఇవ్వకపోతే జీతంలో ఎక్కువ కోస్తామంటున్నారట. ఆ ఆఫీసుకి ఫోన్ చేయాలా, ఈ ఆఫీసుకి మెయిల్ పెట్టాలా అని రోజూ ఇదే టెన్షన్.

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి ఇడ్లీ పిండి రుబ్బుతుంటే కింది ఇంటావిడ వచ్చి బెల్లు కొట్టింది. ఆవిడ ఏమందో నాకర్థం కాలేదు, నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. నిన్న చూస్తే మా తలుపు హ్యాండిల్‌కి తాడుతో ఒక చిన్న బోర్డు వేలాడుతోంది. ఫిర్యాదేమో, ఇల్లు ఖాళీ చేయమనేమో అని భయమేసి తీసి లోపల పెట్టేశాను. పాపకి రాత్రిపూట జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో కూడా తెలీదు. ముందు ఏది చూసుకోవాలో కాస్త చెప్పండి.

సిండెల్‌ఫింగెన్ అక్క:

అమ్మా, ముందు ఆ బోర్డు తీసుకెళ్ళి మళ్ళీ హ్యాండిల్‌కి తగిలించు. దాని సంగతి తర్వాత చెప్తా, భయపడే విషయం కాదు.

నువ్వు చాలా సమస్యలు రాశావు గానీ అందులో నాలుగు ఒకటే. మీ పోస్టు డబ్బా మీద ఎవరి పేరు ఉంది? ఇప్పుడే కిందికి వెళ్ళి చూసి రా. ఇక్కడ ఫ్లాట్ నంబరు ఉండదు. అడ్రసులో వీధి, ఇంటి నంబరు మాత్రమే ఉంటాయి, ఆ బిల్డింగులో పన్నెండు ఇళ్ళున్నా పోస్ట్‌మాన్ చూసేది డబ్బా మీద ఇంటిపేరు ఒక్కటే. పేరు లేకపోతే ఎవరినీ అడగడు, ఫోనూ చేయడు, ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. మన దగ్గర పోస్ట్‌మాన్ వీధి చివర కిళ్ళీకొట్టులో అడిగైనా ఇల్లు కనుక్కుంటాడు, ఇక్కడ ఆ ఆశ పెట్టుకోకు.

ఇంకో సంగతి, ఇది మన తెలుగువాళ్ళకే ఎక్కువ వస్తుంది. మీ ముగ్గురి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టుకుని చూడు. మా ఇంట్లో ఎలా ఉండేదంటే, మావారికి వాళ్ళ ఇంటిపేరు, నాకు పుట్టింటి ఇంటిపేరు, మా అబ్బాయికి ఇంటిపేరు గడి ఖాళీ, ఉన్న పేరంతా రెండో గడిలో. ఇక్కడి ఆఫీసుల్లో ఇంటిపేరు లేకుండా కంప్యూటరు ముందుకు కదలదు కాబట్టి వాడి సొంత పేరునే ఇంటిపేరు చేసేశారు. డబ్బా మీద మావారి పేరు ఒక్కటే రాశాం. ఆయన ఉత్తరాలన్నీ ఠంచనుగా వచ్చేవి, నావీ పిల్లవాడివీ ఎటుపోయాయో మూడు నెలలు తెలీలేదు. నన్ను మావారి భార్య అని పోస్ట్‌మాన్ ఎలా అనుకుంటాడు, పేరే కలవనప్పుడు! చివరికి వీసా పొడిగింపుకి నాకు వచ్చిన అపాయింట్‌మెంటు ఉత్తరం కూడా వెనక్కి పోయిందని తెలిశాక మూడు పేర్లూ రాసి అంటించాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏ స్పెల్లింగ్ ఉందో అదే రాయాలి, కింద బెల్లు దగ్గర కూడా. ముందు ఒక కాగితం మీద రాసి టేపుతో అంటించెయ్యి, ఓనరు చేయించే ప్లేటు వచ్చినప్పుడు వస్తుంది.

పేర్లు అంటించాక ఇన్సూరెన్స్ వాళ్ళకీ, బ్యాంకుకీ చెప్పి మళ్ళీ పంపించమను. కార్డు వచ్చేలోపు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఇన్సూరెన్స్ వాళ్ళని ఎర్జాట్స్‌బెషైనిగుంగ్ అడుగు, అంటే కార్డుకి బదులు కాగితం. నీకు ఉద్యోగం లేదు కాబట్టి, మీది ప్రభుత్వ ఇన్సూరెన్సు అయితే నువ్వూ పాపా మీవారి కిందే వస్తారు, మీకు విడిగా కట్టక్కర్లేదు.

ట్యాక్స్ నంబరు పదకొండు అంకెలది, మీ ముగ్గురికీ విడివిడిగా వస్తుంది, అయిదేళ్ళ పిల్లకి కూడా. నవ్వకు, దాంతోనే పని ఉంది. పిల్లలకి నెలనెలా వచ్చే కిండర్‌గెల్డ్‌కి అప్లై చేయాలంటే పాప నంబరు కావాలి. 2025లో నెలకి 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259. ఆలస్యంగా పెడితే వెనకటి ఆరు నెలల వరకే ఇస్తారు, అంతకు ముందుది పోయినట్టే. ట్యాక్స్ నంబరు ఇవ్వకపోతే మీవారి జీతాన్ని ట్యాక్సు తరగతుల్లో ఆరోదాంట్లో వేసి కోస్తారు, అది అన్నిటికన్నా ఎక్కువ కోత. అయితే నంబరు ఇచ్చాక తర్వాతి నెలల్లో సర్దుతారు, డబ్బు ఎక్కడికీ పోదు. మీకు ఒక్క జీతమే కాబట్టి మీవారికి మూడో తరగతి, నీకు అయిదో తరగతి వచ్చేలా మార్చమని ట్యాక్స్ ఆఫీసుకి అప్లికేషన్ పెట్టుకుంటే నెలనెలా చేతికి వచ్చేది పెరుగుతుంది.

ఇప్పుడు బోర్డు. దాని మీద "కేర్‌వోఖె" అని ఉందా? ఉంటే అది మీ వంతు వచ్చిందని గుర్తు. ఈ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల పాత అలవాటు. వారానికొక ఇల్లు చొప్పున మెట్లు ఊడ్చి తుడవాలి. చిన్న వంతైతే మీ అంతస్తు మెట్లు, వరండా. పెద్ద వంతైతే వాకిలి, సెల్లారు, ఇంటి ముందు ఫుట్‌పాత్, చలికాలంలో మంచు తీయడం కూడా. మీ అగ్రిమెంటుతో పాటు ఇచ్చిన ఇంటి రూల్స్ కాగితంలో మీకేది అని ఉంటుంది. పని అయ్యాక బోర్డు తీసి పక్కింటి హ్యాండిల్‌కి తగిలించాలి. నువ్వు లోపల దాచేస్తే వరస ఆగిపోయి బిల్డింగంతా వెతుకుతారు!

ఇద్దరు పిల్లల నాన్న:

అక్కగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పిల్లల సంగతి చెప్తాను.

రాత్రి జ్వరం వస్తే 116117కి ఫోన్ చేయండి, డాక్టర్లు లేని వేళల్లో పనిచేసే నంబరు, ఎక్కడ ఏ క్లినిక్ తెరిచి ఉందో చెప్తారు. ఊపిరి ఆడకపోయినా, ఫిట్స్ వచ్చినా, పిల్ల స్పృహలో లేకపోయినా ఆలోచించకుండా 112. ఈ రెండూ ఫ్రిజ్ మీద అంటించండి.

మందుల విషయంలో మాకు మొదట్లో దెబ్బ తగిలింది. సబ్బులు, షాంపూలు, విటమిన్లు అమ్మే పెద్ద షాపులో పారాసెటమాల్ కోసం అరగంట తిరిగాను. అక్కడ ఉండదు, ఎర్రటి A అక్షరం బోర్డున్న అపోతేకెలోనే, అంటే మందుల షాపులోనే, అమ్ముతారు. అక్కడ పాప బరువు చెప్తే సరిపోయేది ఇస్తారు. కానీ "జాఫ్ట్" కావాలని నోరు తెరిచి అడగండి, అంటే సిరప్. అడగకపోతే వెనకనుంచి పెట్టే బిళ్ళలు చేతిలో పెడతారు, ఇక్కడ పిల్లలకి అదే మామూలు. మా ఆవిడ ఆ డబ్బా తెరిచి చూసి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆదివారాలూ, రాత్రిళ్ళూ వంతులవారీగా ఒక అపోతేకె తెరిచే ఉంటుంది, మూసి ఉన్న షాపు తలుపు మీద ఆ రోజు ఎవరి వంతో రాసి ఉంటుంది.

పిల్లల డాక్టరు దొరకడం కష్టం, చాలామంది కొత్తవాళ్ళని తీసుకోవట్లేదంటారు. ఫోన్లు చేసి విసిగిపోకండి, పాపని తీసుకుని నేరుగా వెళ్ళి కౌంటర్లో అడగండి, మాకైతే అలాగే దొరికింది. ఇండియా టీకాల పుస్తకం తప్పకుండా పట్టుకెళ్ళండి. కిండర్‌గార్టెన్‌లో చేర్చాలంటే తట్టు టీకా రెండు డోసులు వేసినట్టు రుజువు చూపించాలి, 2020 మార్చి నుంచి చట్టమే ఉంది. అయిదేళ్ళంటే స్కూలు కూడా దగ్గర్లోనే ఉంది, ఇక్కడ బడి తప్పనిసరి, ఇంట్లోనే చదివించుకుంటామంటే కుదరదు.

ఖమ్మం కుర్రాడు:

అక్కా, ఆదివారం మిక్సీ వేశారంటే కింది ఇంటావిడ రాకపోతేనే ఆశ్చర్యం. ఆదివారం రోజంతా, మిగతా రోజుల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు, కొన్ని ఇళ్ళలో మధ్యాహ్నం కూడా ఉంటుంది. నేను శనివారం సాయంత్రం రుబ్బుతా, మిక్సీ కింద మందపాటి టవల్ మడిచి వేస్తా. ఇంకోటి, మన మిక్సీకి మూడు పిన్నులుంటాయి కదా, రెండు సన్నపిన్నుల చవక అడాప్టర్ పెట్టకండి, దానికి ఎర్త్ ఉండదు. ఎర్త్ ఉన్నది అడిగి కొనండి. పిండి పొంగకపోతే గిన్నె ఓవెన్లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచండి, పొద్దునకి పొంగుతుంది.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పాలు పెరుగు శనివారమే తెచ్చుకోండి. ఒకసారి వాడే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, కోక్ డబ్బాలు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు ముందే తీసుకుంటారు. సూపర్ మార్కెట్లో మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది, బిల్లు దగ్గర ఇస్తే తగ్గిస్తారు. నలిపేస్తే మాత్రం మెషిన్ తీసుకోదు. నేను మొదటి నెల చక్కగా నలిపి ఓ సంచెడు పారేశా, తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మీరు పాపతో తిరగాలంటే బస్సులకీ లోకల్ రైళ్ళకీ పనికొచ్చే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ చూడండి, 2025లో 58 యూరోలు, 2026 నుంచి 63. ఆరేళ్ళలోపు పాపకి టికెట్ అక్కర్లేదు. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. మీవారు కారు కొందామనుకుంటుంటే మన లైసెన్సు ఇక్కడ ఉండటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత థియరీ, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి.

ఇంకా, టీవీ రేడియో చందా అని ఒక ఉత్తరం వస్తుంది, అది ఫ్రాడ్ అండీ, మా రూమ్మేట్ చించి పారేశాడు.

సిండెల్‌ఫింగెన్ అక్క:

తమ్ముడూ, ఆ చివరి మాట మాత్రం నమ్మించకు. అది నిజమైన బిల్లే. రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అంటారు, ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోలు, మూడు నెలలకోసారి 55.08 కట్టాలి. చించి పారేస్తే ఫైను కలిపి ఇంకో ఉత్తరం వస్తుంది, మీ రూమ్మేట్‌కి వచ్చే ఉంటుంది, అడుగు. అయితే మనిషికి కాదు, ఇంటికి ఒకటే. భార్యకీ భర్తకీ ఇంటిపేర్లు వేరైతే ఇద్దరికీ విడిగా ఉత్తరం వస్తుంది. ఒకళ్ళు కట్టి, రెండోవాళ్ళ ఉత్తరానికి జవాబుగా మొదటివాళ్ళ చందా నంబరు ఇస్తే చాలు. నేను తెలీక ఏడాది పైన రెండూ కట్టాను.

కోర్టులు, ప్రభుత్వ ఆఫీసులు పంపే పసుపు రంగు కవరు ఎప్పుడైనా వస్తే కవరు కూడా దాచు. పోస్ట్‌మాన్ దాని మీద తేదీ రాస్తాడు, ఆ తేదీ నుంచే గడువు లెక్క, నువ్వు తెరిచావా లేదా అని ఎవరూ అడగరు.

కొత్తగా వచ్చాం:

అందరికీ చాలా థాంక్స్ అండీ. వెళ్ళి చూస్తే డబ్బా మీద మాకంటే ముందున్నవాళ్ళ పేరే ఉంది! ఆ రోజే మూడు పేర్లూ రాసి అంటించాం. పాపకి సిండెల్‌ఫింగెన్ అక్కగారి అబ్బాయిలానే ఇంటిపేరు గడి ఖాళీ, కాబట్టి దాని పేరే రాశాం, డబ్బా మీద తన పేరు చూసుకుని ఎగిరి గంతేసింది. నాలుగో రోజున బ్యాంకు కార్డు వచ్చింది, నిన్న మావారి ట్యాక్స్ నంబరు వచ్చింది. నాదీ పాపదీ వెనక్కి పోయినట్టున్నాయి, ట్యాక్స్ వాళ్ళ సెంట్రల్ ఆఫీసుకి మళ్ళీ పంపమని రాశాం.

ఇంకో అవమానం కూడా జరిగింది. మొన్న చెత్త పడేయడానికి పాపతో కిందికి వెళ్ళాను, తలుపు దానంతటదే మూసుకుని లాక్ అయిపోయింది, తాళంచెవి లోపల. పొయ్యి మీద ఏమీ లేకపోవడం నా అదృష్టం. మెట్ల మీద కూర్చుంటే ఆ కింది ఇంటావిడే లోపలికి రమ్మని పాపకి బిస్కెట్లిచ్చి, మావారు వచ్చేదాకా కూర్చోబెట్టింది.

ఇద్దరు పిల్లల నాన్న:

బతికిపోయారు. ఇంటర్నెట్లో మొదట కనిపించిన తాళాలవాళ్ళని పిలిచి ఉంటే, ముందు మొత్తం ఎంతో ఫోన్లోనే మాట్లాడుకోకపోతే వందల యూరోలు లాగుతారు, ఆదివారమైతే ఇంకా. ఒక తాళంచెవి నమ్మకమున్న ఇంట్లో ఇచ్చి ఉంచండి, ఆవిడకే ఇవ్వొచ్చు.

కొత్తగా వచ్చాం:

అదే అనుకున్నాం. బోర్డు మీద కేర్‌వోఖె అనే ఉంది, మాది చిన్న వంతే. శనివారం మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టేసి, పక్కింటి హ్యాండిల్‌కి తగిలించేస్తే అయిపోయినట్టేనా?

సిండెల్‌ఫింగెన్ అక్క:

అయిపోయినట్టే. కింది ఇంటావిడ ఇంట్లో ఉన్న టైము చూసి తుడువు, బకెట్ కాస్త చప్పుడయ్యేలా పెట్టు. ఆ చప్పుడుకి మాత్రం ఏమీ అనదు.