ఎనిమిది వేల లోపు కెమెరా కొంటే ఫోటోలు ఎలా వస్తాయి? ఉన్నదున్నట్టు చెప్పండి

ఉప్పాడ_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా చెల్లి ఇంటర్ ఫస్టియర్, దానికి ఫోన్ కొనివ్వడం నాన్నకి ఇష్టం లేదు, అదేమో ఫోన్ వద్దు కెమెరా కావాలని గోల (ఇన్‌స్టాలో అందరూ పాత డిజిటల్ కెమెరా ఫోటోలు పెడుతున్నారు కదా, ఆ పిచ్చి). నా దగ్గర ఎనిమిది వేలున్నాయి, మహా అయితే ఇంకో వెయ్యి. ఆన్‌లైన్‌లో ఆరు వేలకే 48 మెగాపిక్సెల్, 4కె వీడియో, 16ఎక్స్ జూమ్ అని పెద్దక్షరాలతో ఉన్నాయి, కంపెనీ పేరు మాత్రం ఎప్పుడూ విన్లేదు. కేనన్ 1500డి (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) చూస్తే 24 మెగాపిక్సెలే, రేటేమో దీనికి ఎన్నో రెట్లు. ఇదెలా? సంక్రాంతికి పాపికొండలు వెళ్తాం, మాఘంలో పెద్దమ్మ కొడుకు పెళ్లి, అది రాత్రి ముహూర్తం. నాన్న ఫోన్ కంటే బాగా వస్తే చాలండి. వస్తాయా?

ఫోకస్_బాబాయ్:
ముందు ఆ 48 సంగతి చెప్తా. అలాంటివాటిలో చాలావాటికి లోపల సెన్సార్ (వెలుతురు పట్టి ఫోటో చేసే చిప్పు) అంత ఉండదు, తీసేది చిన్న ఫోటోనే, దాన్ని లోపలే సాగదీసి 48 అని కార్డులో పెడతాయి. ఫైలు బరువు పెరుగుతుంది గానీ ఫోటోలో కొత్తగా ఏమీ కనపడదు. జూమ్ పక్కన చిన్నక్షరాల్లో "డిజిటల్" అని ఉంటుంది చూడు, అంటే లెన్స్ కదలదు, మధ్యలో ముక్క కత్తిరించి పెద్దది చేస్తుంది, ఆ పని ఇంటికొచ్చాక నువ్వూ చేసుకోవచ్చు. కొన్నిటికి ఫోకస్ కూడా మారదు, మందారాన్ని దగ్గర్నుంచి తీస్తే పువ్వు మసక, వెనక ప్రహరీ గోడ మాత్రం ఇటుకలతో సహా కనిపిస్తుంది.

అసలు 4×6 ప్రింటుకి రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు, 8×12 కి తొమ్మిది. తేడా సెన్సార్ సైజులో ఉంది. చిన్న కెమెరాల్లో మామూలుగా ఉండేది 1/2.3 అంగుళాలది అంటారు, అది పేరుకే, నిజానికి సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. 1500డిలో 22కి 15. విస్తీర్ణం లెక్కేస్తే పదకొండు రెట్లు పైనే, నువ్వు కట్టే డబ్బు ఎక్కువ దానికీ లెన్స్‌కీ పోతుంది.

ఓరుగల్లు_ఫ్లాష్:
తమ్మీ, సీదా చెప్తున్న, పగటిపూట మంచిగనే వస్తయ్, రాత్రి మాత్రం నాన్న ఫోనే నయం. ఫోన్ల నైట్ మోడ్ అంటే ఒక్క ఫోటో కాదు, కొన్ని తీసి కలిపి మచ్చలు పోగొడ్తది. చవక కెమెరాకు గా తెలివి లేదు, ఒక్కటే తీస్తది, ఎట్లొస్తే అట్ల. పెండ్లి మండపంల లైట్లు మన కండ్లకు మస్తు కొడ్తున్నట్టే ఉంటయ్ గని కెమెరాకు అది చీకటే, ఐఎస్ఓ (చీకట్ల ఫోటోను తెల్లగ చేసెతందుకు కెమెరా పెంచుకునే నంబరు) 1600 దాక పోయిందంటే పట్టుచీర జరీ అంత కలిసిపోయి ముద్దలెక్క కనిపిస్తది. ఫ్లాష్ అంటవా, అది రెండు మూడు మీటర్లే. తలంబ్రాలప్పుడు ఎనక కుర్చీలల్ల కూసోని కొడితే ముందలోళ్ల తలకాయలే తెల్లగ పడ్తయ్. చెల్లెను స్టేజీ దగ్గరికే పొమ్మను, జూమ్ ముట్టకుండ తియ్యమను, జూమ్ చేసిన కొద్దీ లెన్స్‌లకొచ్చే వెలుతురు తగ్గుతది.

తెనాలి_తార:
మరీ భయపెట్టేశారు పాపం 😄 ఆ అమ్మాయికి కావాల్సిందే ఆ లుక్కు కదండీ, ఫ్లాష్ కొడితే మెరిసే మొహాలు, వెనకంతా నలుపు. పేరు తెలియని కొత్తది కాకుండా సెకండ్ హ్యాండ్‌లో కేనన్ ఇక్సస్, నికాన్ కూల్‌పిక్స్, సోనీ సైబర్‌షాట్ లాంటివి చూడండి, నిజంగా కదిలే జూమ్ లెన్సూ ఆటోఫోకసూ ఉంటాయి. అయితే 2006కి ముందువి చాలావరకు 2 జీబీ దాటిన కార్డు తీసుకోవు, పాత సైబర్‌షాట్‌లకి మెమరీ స్టిక్ అని వేరే కార్డు, అది వెతుక్కోవడం ఒక పెద్ద పని. పాపికొండల్లో ఇంకో విషయం, కొండలు బాగా పడితే ఆకాశం తెల్లకాగితం, ఆకాశం నీలంగా పడితే కొండలు నల్లగా. రెండూ ఒకేసారి రావు, ఫోన్ అయితే సర్దేస్తుంది, ఇది సర్దదు. ఎండ మన వీపు మీద పడేలా నిలబడి తీస్తే చాలావరకు బాగుంటాయి, మిట్టమధ్యాహ్నం మాత్రం ఏం చేసినా అంతంతే.

ఉప్పాడ_కుర్రాడు:
అయితే 48 క్యాన్సిల్. కాకినాడలోనే ఒకాయన పాత కూల్‌పిక్స్ మూడు వేలకి ఇస్తానంటున్నాడు, ఆదివారం వెళ్తున్నా. ఏమేం చూసుకోవాలి బాబాయ్?

ఫోకస్_బాబాయ్:
కొత్త కార్డొకటి జేబులో వేసుకెళ్లు, అతని కార్డుతో చూపిస్తే ఒప్పుకోకు. ఆన్ చేసి ఆపేసి నాలుగైదుసార్లు చూడు, లెన్స్ బయటికొచ్చేటప్పుడు గరగరమన్నా మధ్యలో ఆగినా అక్కడే వదిలెయ్, దాని రిపేరు ఖర్చులో ఇంకోటి వస్తుంది. జూమ్ చివరిదాకా లాగి తెల్లగోడని ఒకటి తియ్, నల్లచుక్కలుంటే లోపల దుమ్ము. ఫ్లాష్ వరసగా పదిసార్లు కొట్టు, బ్యాటరీ ముసలిదైతే అప్పుడే చచ్చిపోతుంది, ఆ మోడల్ బ్యాటరీ ఇంకా దొరుకుతుందో లేదో వెళ్లేముందే కనుక్కో. ఫోటోలు దాని బుల్లి స్క్రీన్ మీద చూసి మురిసిపోకు, అందులో అన్నీ బాగానే ఉంటాయి, లాప్‌టాప్‌లో వేసి మూలల దగ్గర చూడు. ఛార్జర్ లేదంటే మూడు వేలు దండగ, రెండు వేల దగ్గర మొదలుపెట్టు.