ఉగ్రదాడిని నేరంగా చూడాలా, యుద్ధంగా చూడాలా?

ప్రశ్న: శ్రీకాంత్, ఒంగోలు

అందరికీ నమస్కారం. లా రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం మా కాలేజీలో ఈ అంశం మీద చర్చ ఉంది. నాకు "యుద్ధం" వైపు మాట్లాడమన్నారు. అనకపోయినా నేను అటే మాట్లాడేవాణ్ణి.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. అందులో ఒకరు విశాఖ మనిషి, ఇంకొకరిది మా పక్కనున్న నెల్లూరు జిల్లా. మతం అడిగి మరీ కాల్చారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. అలాంటివాళ్ల మీద ఎఫ్ఐఆర్ రాసి, లాయర్ని పెట్టి, ఏళ్ల తరబడి వాయిదాలు నడపడమేంటి? మే 7న మన సైన్యం తొమ్మిది చోట్ల కొట్టింది. ఇకపై ఏ ఉగ్రదాడి జరిగినా యుద్ధ చర్యగానే లెక్కేస్తామని ఆ తర్వాత ప్రభుత్వం ప్రకటించింది. నాకది న్యాయంగా అనిపించింది.

ముంబై దాడుల్లో ప్రాణాలతో పట్టుబడ్డ కసబ్‌ని నాలుగేళ్లు జైల్లో పెట్టి మేపాం. ఉగ్రవాద నాయకుడు మసూద్ అజర్‌ని 1994లో పట్టుకుని జైల్లో ఉంచితే, 1999 డిసెంబరులో విమానాన్ని హైజాక్ చేసి కాందహార్‌లో విడిపించుకుపోయారు. పట్టుకున్నప్పుడే శత్రు సైనికుడిలా చూసి ఉంటే ఇదంతా జరిగేదా? కోర్టుల్లో, సైన్యంలో పనిచేసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

జవాబు: నాంపల్లి ప్లీడరు

శ్రీకాంత్ బాబూ, నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు నాది. నీ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. శత్రు సైనికుడిలా చూడాలంటున్నావు. జెనీవా ఒప్పందం చదివావా? యుద్ధ ఖైదీని తుపాకీ పట్టుకుని పోరాడినందుకు శిక్షించకూడదు. యుద్ధం అయిపోయాక తిన్నగా ఇంటికి పంపాలి. 1971లో మనకు చిక్కిన సుమారు 93 వేల మంది పాకిస్తానీలను అలాగే పంపాం. ముంబై సీఎస్‌టీ స్టేషన్లో ప్రయాణికుల మీద గుళ్లు కురిపించినవాడికి ఆ మర్యాద ఇద్దామంటావా?

అసలు ఆ మర్యాద కోసం ప్రాణాలు వదిలినవాళ్లున్నారు. ఉత్తర ఐర్లండ్ జైళ్లలో, బ్రిటన్ పాలన మీద తుపాకీ పట్టిన ఐఆర్ఏ వాళ్లకు ఒకప్పుడు యుద్ధ ఖైదీల్లాంటి హోదా ఉండేది. 1976 మార్చి తర్వాత చేసిన నేరాలకు అది ఉండదని, మామూలు ఖైదీలేనని బ్రిటన్ ప్రభుత్వం తేల్చేసింది. వాళ్లు జైలు బట్టలు మేం వేసుకోం అంటూ దుప్పట్లు చుట్టుకుని కూర్చున్నారు. 1981లో బాబీ శాండ్స్‌తో మొదలై పదిమంది నిరాహార దీక్షలో చనిపోయారు. మేం దొంగలం, హంతకులం కాదు, సైనికులం అని ఒప్పించడానికే ఇదంతా. మనం "యుద్ధం" అంటే వాళ్లు కోరుకున్నది మనంతట మనమే ఇచ్చినట్టు.

ఇంకో సంగతి. మన చట్టంలో ఈ రెండూ వేర్వేరు కొట్లు కావు. ప్రభుత్వం మీద యుద్ధం చేయడమే ఒక నేరం, పాత ఐపీసీలో 121వ సెక్షన్. కసబ్‌కి హత్యతో పాటు దాని కింద కూడా ఉరిశిక్ష పడింది. 2008 నవంబరు 26న దాడి. 2010 మేలో ప్రత్యేక కోర్టు తీర్పు, 2011 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు, నవంబరు 21న ఎరవాడలో ఉరి. నువ్వు మేపామంటున్న నాలుగేళ్లలో జరిగింది ఇదీ. ఇప్పుడు అమెరికా సంగతి చూడు. సెప్టెంబరు 11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహ్మద్ 2003 మార్చిలో రావల్పిండిలో దొరికాడు. అది యుద్ధమన్నారు కాబట్టి మామూలు కోర్టుకి పంపలేదు. రహస్య జైళ్లలో 183 సార్లు నీటితో ఊపిరాడకుండా చేసి, గ్వాంటనామో సైనిక జైలుకి తీసుకెళ్లి మిలిటరీ కమిషన్, అంటే సైనిక కోర్టు ముందు పెట్టారు. హింసించి రాబట్టిన మాట సాక్ష్యంగా చెల్లుతుందా లేదా అన్న దగ్గరే కేసు ఏళ్లకేళ్లు ఇరుక్కుంది. 2024లో నేరం ఒప్పుకునే ఒప్పందం కుదిరితే రక్షణ మంత్రి రద్దు చేశాడు, 2025 జూలైలో అప్పీలు కోర్టు కూడా ఆయన వైపే నిలిచింది. దాదాపు మూడు వేల మంది చనిపోయిన కేసులో సూత్రధారికి ఇప్పటికీ శిక్ష లేదు. అదే ట్రేడ్ సెంటర్ కింద 1993లో బాంబు పెట్టిన రమ్జీ యూసఫ్‌ని న్యూయార్కు కోర్టు 1998కల్లా బతికున్నంతకాలం జైలుకి పంపేసింది.

కసబ్ కేసులో ఎవరూ పెద్దగా మాట్లాడని ముక్క ఒకటుంది. అతనితో పాటు ఇద్దరు భారతీయుల్ని కూడా ముద్దాయిలుగా నిలబెట్టారు, దాడికి మ్యాపులు గీసిచ్చారని. ఆ మ్యాపు చనిపోయిన ఉగ్రవాది జేబులో దొరికిందన్నారు. బట్టలు నెత్తురుతో తడిసిపోయాయి, కాగితం మీద మరక లేదు. జడ్జి నమ్మలేదు. ఇద్దర్నీ వదిలేశారు, సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. దేశమంతా రగిలిపోతున్న రోజుల్లో ఒక జడ్జి ఆ కాగితాన్ని పట్టి చూశాడు. యుద్ధంలో ఆ కాగితాన్ని ఎవరు చూస్తారు?

నా గుండెలో ఉన్నది మాత్రం మా ఊరి సంగతి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది, తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు. ఆ నెలల్లో పాతబస్తీ కుర్రాళ్లని పదులకొద్దీ ఎత్తుకెళ్లారు. ఎవరు పెట్టారో తెలియదు, "వాళ్లలో ఎవడో" పెట్టాడు. యుద్ధపు ఆలోచన అంటే ఇదే. మనిషిని వెతకదు, పక్షాన్ని వెతుకుతుంది. ఒకరోజు రాత్రి ఒక తల్లి మా ఇంటికొచ్చింది. కొడుకు సైకిల్ రిపేరు షాపులో పని. ఐదు రోజులుగా ఆచూకీ లేదు. ఠాణాలో అడిగితే మా దగ్గర లేడంటారు. నేను టెలిగ్రాములు కొట్టాను, పైకోర్టులో పిటిషన్ రాసుకుంటుండగా ఆదివారం రాత్రి మేజిస్ట్రేటు ఇంటికి తెచ్చారని కబురొచ్చింది. వరండాలో ట్యూబులైటు కింద నిలబెట్టారు. ముందు రోజే అరెస్టు చేసినట్టు కాగితాలు. మేజిస్ట్రేటు అందరినీ అడిగినట్టే అడిగారు, "పోలీసులు ఏమైనా చేశారా?" అని. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆయన పెన్ను పక్కన పెట్టి, చొక్కా తియ్యమన్నారు. వీపు చూశారు. ఎస్కార్టు వాళ్లని గేటు బయటికి పంపి మళ్లీ అదే ప్రశ్న అడిగారు. అప్పుడు నోరు విప్పాడు. ఆ వాంగ్మూలమంతా స్వయంగా రాసుకుని, ఆసుపత్రికి పంపమని ఉత్తర్వు ఇచ్చారు. తర్వాత కేసు కొట్టేశారు. అలా పట్టుకెళ్లిన చాలామంది నిర్దోషులుగా తేలారు, కొందరికి ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది.

మక్కా మసీదు కేసు ఏమైంది? స్థానిక పోలీసుల నుంచి సీబీఐకి, అక్కడ్నుంచి ఎన్ఐఏకి. ముద్దాయిలు పూర్తిగా మారిపోయారు. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ సాక్ష్యం లేదని వదిలేశారు. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఇప్పటికీ ఎవరి పేరు చెప్పుకుని తిట్టుకోవాలో తెలియదు. దీని పక్కన దిల్‌సుఖ్‌నగర్ పెట్టి చూడు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, సైకిళ్ల మీద టిఫిన్ డబ్బాల్లో పెట్టిన రెండు బాంబులు, 18 మంది. ఎన్ఐఏ 150 మందికి పైగా సాక్షుల్ని నిలబెట్టింది. 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్ 8న హైకోర్టు ఖరారు చేసింది. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అదిక్కడ వద్దు. ఎవరు చేశారో తేలింది. కోర్టు చేయగలిగినది అదీ.

జవాబు: మాధవరం సుబేదార్ (రిటైర్డ్)

ప్లీడరు గారికి నమస్కారం అండి. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మా ఊళ్లో ఇంటికొకరు ఫౌజుకి వెళ్తారని అందరికీ తెలిసిందే. నేను రాజౌరీ వైపు చేశాను.

బాబూ శ్రీకాంత్, మీ కాలేజీలో చాలామందికి తెలియని మాట ఒకటి చెబుతాను. కశ్మీర్లో ఎన్‌కౌంటరు అయ్యాక కూడా మేం పోలీస్ ఠాణాకే వెళ్తాం. శవాన్ని, తుపాకీని, దొరికిన ప్రతి వస్తువునీ అప్పగించాలి, వాళ్లు ఎఫ్ఐఆర్ రాయాలి. బతికి దొరికితే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఠాణాకి ఇవ్వాలని మాకు అధికారాలిచ్చిన ఆ ప్రత్యేక చట్టంలోనే రాసుంది. ఒకసారి రాత్రంతా కార్డన్‌లో ఉండి, తెల్లవారుజామున సామాన్ల లిస్టు రాసుకుని వెళ్లాం. ఏకే నంబరు, మ్యాగజైన్లు, రౌండ్లు, వైర్‌లెస్ సెట్టు, బిస్కెట్ ప్యాకెట్టు, జ్వరం బిళ్లలు అన్నీ. ఠాణా మున్షీ రౌండ్లు మళ్లీ లెక్కపెడితే ఒకటి తేడా వచ్చింది. నా కుర్రాళ్లు నిద్రలేక తూలుతున్నారు. అది దొరికేదాకా ఆయన సంతకం పెట్టలేదు. ఆరోజు ఒళ్లు మండింది కానీ, ఆయన చేసింది సరైన పని.

అయితే ప్లీడరు గారూ, మీతో ఒకచోట నేను ఏకీభవించను. సరిహద్దు అవతల శిబిరాలు పెట్టి, కవరింగ్ ఫైరు ఇచ్చి మరీ పంపేవాడి సంగతేంటి? 2025 మేలో ఎల్‌వోసీ దగ్గర అవతలి కాల్పుల్లో సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు పోయాడు, అగ్నివీర్. అది యుద్ధం కాకపోతే ఇంకేంటి? అక్కడికి సమన్లు పట్టుకుని ఎవరు వెళ్తారు? దానికి ఫిరంగే జవాబు. ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. 2013 బాంబుకి 2025లో హైకోర్టు తీర్పంటే, పన్నెండేళ్లు. ఆ తల్లిదండ్రులు ఎన్నాళ్లు ఎదురుచూడాలి? వాయిదాలు అడిగేది కూడా మీ వకీళ్లే కదండీ.

జవాబు: సుజాత, ఇన్సూరెన్స్ సర్వేయర్, విజయవాడ

తమ్ముడూ, నీ చర్చకి పనికొస్తుందో లేదో కానీ ఇది రాయాలనిపించింది. ఫైర్ పాలసీ తీసి మినహాయింపులు చదువు. యుద్ధం, దండయాత్ర, విదేశీ శత్రువు చర్య, యుద్ధం ప్రకటించినా ప్రకటించకపోయినా సరే, వీటివల్ల జరిగిన నష్టానికి పైసా రాదు. ఉగ్రవాదానికి మాత్రం వేరుగా ప్రీమియం కట్టి కవర్ తీసుకోవచ్చు. 2001లో అమెరికా మీద జరిగిన దాడుల తర్వాత, బీమా కంపెనీలకే బీమా ఇచ్చే విదేశీ రీఇన్సూరెన్స్ కంపెనీలు వెనక్కి తగ్గితే, 2002లో మన కంపెనీలన్నీ కలిసి ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. ప్రభుత్వ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ దాన్ని చూస్తుంది. ముంబై దాడుల తర్వాత హోటళ్లకి డబ్బొచ్చింది అందులోంచే.

నేను ఒక పేలుడు తర్వాత షాపులు చూడటానికి వెళ్లాను. చీరల షాపాయన, అద్దం ముక్కలు గుచ్చుకున్న చీరల తానుల మధ్య కూర్చుని ఉన్నాడు. ముందు అడగాల్సింది ఎఫ్ఐఆర్ కాపీ, పంచనామా కాపీ. అవి లేకుండా ఫైలు కదలదు. ఆయన ఉగ్రవాద కవర్ తీసుకున్నాడు కాబట్టి సరిపోయింది. రేపు ప్రభుత్వమే ఇది యుద్ధం అని కాగితం మీద రాస్తే, కంపెనీ లాయరు మొదట పట్టుకునేది ఆ కాగితాన్నే. దెబ్బతిన్నవాడే మళ్లీ నష్టపోతాడు. దీని గురించి ఎవరూ మాట్లాడరేంటని నా బాధ.

శ్రీకాంత్, ఒంగోలు

అందరికీ థ్యాంక్స్. యుద్ధ ఖైదీల సంగతి నేను ఆలోచించలేదు. కానీ సుబేదార్ గారు అడిగినదానికి ప్లీడరు గారు జవాబు చెప్పలేదు. ముంబై దాడిని నడిపించిన లఖ్వీకి 2014 డిసెంబరులో పాకిస్తాన్లో బెయిల్ వచ్చింది. ఆ దాడికి అక్కడి కోర్టులు శిక్ష వేయవు, మనిషిని మనకి అప్పగించరు. అప్పుడు "నేరం" అన్నమాట వల్ల మనకి ఒరిగిందేంటి? మసూద్ అజర్ సంగతీ అలాగే ఉంది.

జవాబు: నాంపల్లి ప్లీడరు

సుబేదార్ సాబ్, వాయిదాల మాట నిజం. మా వైపు నుంచి అడిగేవి ఉన్నాయి, ప్రాసిక్యూషన్ సాక్షుల్ని తేలేక అడిగేవీ ఉన్నాయి. ఉగ్రవాద కేసులకు వాడే యూఏపీఏ చట్టంలో చార్జిషీటుకే 180 రోజులు, ఆపైన బెయిల్ దాదాపు లేనట్టే. ముద్దాయి లోపలే ఉన్నాడు కదా అని ఎవరికీ తొందర ఉండదు. రోజువారీ విచారణ పెడితే ఏమవుతుందో కసబ్ కేసులో చూశాం. పన్నెండేళ్లు పట్టడం నాకూ సిగ్గుగానే ఉంటుంది.

శిబిరాల మీద దాడి గురించి నాకు పేచీ లేదు. ఒక దేశం తన నేల మీంచి దాడులు పంపుతుంటే ఆత్మరక్షణ హక్కు ఐక్యరాజ్యసమితి చార్టరు 51వ ఆర్టికల్లోనే ఉంది. అది ఆ దేశంతో మన తగాదా. చేతికి చిక్కిన మనిషిని ఏం చేయాలన్నది వేరే ప్రశ్న, ఒకదానికి చెప్పిన జవాబు రెండోదానికి చెల్లదు. పహల్గామ్ తర్వాత కూడా ఒక పక్క సైన్యం కొట్టింది, ఇంకో పక్క ఎన్ఐఏ కేసు తీసుకుంది.

శ్రీకాంత్, ఒరిగిందేంటన్నావు. 2025 ఏప్రిల్‌లో, ముంబై దాడుల కేసు ముద్దాయి తహవ్వుర్ రాణాని అమెరికా మన చేతికిచ్చింది. పదహారేళ్లు దాటాక వచ్చాడు, నిజమే. కానీ నేరస్తుల అప్పగింత ఒప్పందం కింద, అభియోగాలు చూపించి, వాళ్ల సుప్రీంకోర్టు దాకా కొట్లాడి తెచ్చుకున్నాం. శత్రు సైనికుణ్ణి ఏ దేశమూ అలా అప్పగించదు. అజర్ విషయంలో మాత్రం నీ బాధ సరైనదే. అతన్ని వదిలింది కోర్టు కాదు, విమానంలో ఉన్నవాళ్ల ప్రాణాల కోసం ప్రభుత్వం బేరం చేసింది. యుద్ధ ఖైదీగా ఉంచినా అదే విమానం, అదే బేరం.

నీ వైపు గట్టిగా మాట్లాడాలంటే పంపినవాళ్ల గురించే మాట్లాడు, పట్టుబడ్డవాళ్ల జోలికి పోకు. అక్కడ నీ ఎదుటివాళ్లు నిన్ను నిలబడనివ్వరు. 2012 ఆగస్టు 29 నాటి కసబ్ తీర్పులో 121వ సెక్షన్ మీద రాసిన భాగం తప్పకుండా చదువుకో. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 147. ఉగ్రవాద చర్యకి విడిగా 113 పెట్టారు. చర్చలో పాత నంబర్లు చెబితే జడ్జీలు మార్కులు కోస్తారు.