ఐదేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ ఉద్యోగం: ఉప్పల్ నుంచి ఎవరైనా వెళ్తున్నారా?

ప్రశ్న: 2014లో బీటెక్ పూర్తిచేశాను. మా క్లాసులో మొదటి పది మందిలో ఆరుగురం అమ్మాయిలమే. ఇప్పుడు ఆ ఆరుగురిలో ఉద్యోగం చేస్తున్నది ఇద్దరే. అబ్బాయిలు మాత్రం, సప్లీలు రాసినవాళ్లతో సహా అందరూ చేస్తున్నారు. రాయదుర్గం దాకా మెట్రో, అక్కణ్ణుంచి షేర్ ఆటో. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేసరికి పాప నా చున్నీ పట్టుకుని నిద్రపోయి ఉండేది. తట్టుకోలేక మానేశాను. ఇప్పుడు బడికి వెళ్తోంది. మళ్లీ చేరాలని ఉంది, కానీ గ్యాప్ గురించే టెన్షన్.

జవాబు 1: నేను నాలుగేళ్ల తర్వాత చేరాను అక్కా. గ్యాప్ దాచొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని 2017లో చట్టం మార్చారు. చిన్నపిల్లలున్నవాళ్లు ఇంటర్వ్యూలోనే అడగండి.

జవాబు 2: 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లా మగవాళ్ల అక్షరాస్యత దాదాపు 87 శాతం, ఆడవాళ్లది 79. చదువులో తేడా ఇంతే. పనికి వెళ్లేవాళ్లలో మాత్రం చాలా ఎక్కువ. అయితే ఆ లెక్కలవాళ్లు మా ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ మిషన్ మీదే ఉంది, ఒళ్లో సగం కుట్టిన జాకెట్టు. ఏం చేస్తారమ్మా అంటే, ‘ఏం లేదు, ఇంట్లోనే ఉంటా’ అంది. మా ఫీజులన్నీ ఆ మిషనే కట్టింది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్. సాయంత్రం పాపను మా ఆయన తీసుకొస్తానన్నారు. రేపే రెజ్యూమే పంపుతాను.