సమస్య: ఒకటి పక్క నొకటి యొంటి దయ్యె

సంచాలకుడు: 1111111111111111111. పంతొమ్మిది ఒకట్లు, ప్రధాన సంఖ్య. ఒకటి పక్కన ఇంకొకటి చేరుతూ పోతే ఒంటిది ఎలా అవుతుందో పూరించండి. పాదాంత సంధుల జోలికి ఈసారి వెళ్లొద్దు.

గుణకం:
పదియు దొమ్మిదియును పంక్తిలో నిలబడ
మూడు తొమ్మి దేడు ముట్టలేక
కోట్ల సార్లు వేయగా గొడ్డలి మొద్దాయె
ఒకటి పక్క నొకటి యొంటి దయ్యె

శేషం: గొడ్డలి మొద్దుబారడం చక్కటి ఊహ. కానీ మూడో పాదంలో "గా" ఎక్కువైంది, "వేయ" చాలు. రెండో పాదంలో తొమ్మిది దండగ: అంకెల మొత్తం 19, మూడే పోని సంఖ్యలో తొమ్మిది ఎలా పోతుంది? ఏడు సరే. ఆరు ఒకట్లు ఏడుతో నిశ్శేషంగా పోతాయి, పద్దెనిమిది పోగా 1 మిగులుతుంది. పైగా పదీ తొమ్మిదీ పంక్తిలో నిలబడితే నాకు 109 కనిపిస్తోంది. అదీ ప్రధాన సంఖ్యే!

గుణకం: "గా" తీసేశాను. 109 మాట ఒప్పుకోను. శేషం గారూ, పోయినసారి "పదిహేడు ప్రధానం కనుక పదిహేడు ఒకట్లూ ప్రధానమే" అని పూరించింది మీరే. 2071723ను 5363222357తో గుణించండి, సరిగ్గా పదిహేడు ఒకట్లు వస్తాయి.

శేషం: ఆ తప్పు నాదే. మీ "కోట్ల సార్లు" కూడా లెక్కకు నిలవదు. వర్గమూలం 105 కోట్ల పైచిలుకు, భాజకాన్ని అంతవరకే వెతకాలి. భాజకం ఉంటే 38క + 1 రూపంలోనే (క ఏదో ఒక పూర్ణాంకం) ఉండాలి, 40తో భాగిస్తే శేషం 1, 3, 9, 13, 27, 31, 37, 39లో ఒకటి కావాలి. 229, 419, 457 అక్కడే రాలిపోతాయి. 191 నిలుస్తుంది గానీ 10 యొక్క 19వ ఘాతాన్ని దానితో భాగిస్తే 1 రాదు, 184 మిగులుతుంది. ఇలా వడపోస్తే మిగిలేవి సుమారు కోటీ పదకొండు లక్షలు. "కోటి సార్లు వేయ" అనండి, గణమూ చెడదు, యతీ చెడదు.

లఘువు: గొడ్డలే అక్కర్లేదు.
ముందు నిలుచు సంఖ్య ముక్కలౌ సులువుగ
దాని సాక్ష్య మొకటె తగిన రుజువు
పొరుగు చీలబట్టి పూర్ణమై నిలిచెను
ఒకటి పక్క నొకటి యొంటి దయ్యె

ఒకటి తగ్గించండి. చివర సున్నా వస్తుంది, ఆ సంఖ్య 2, 3, 3, 5, 7, 11, 13, 19, 37, 52579, 333667ల లబ్ధం. ఇక లూకా పరీక్ష: ఒక ఆధారాన్ని పొరుగు సంఖ్య ఘాతానికి ఎత్తి మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి, పొరుగును ఒక్కో కారణాంకంతో భాగించి ఆ ఘాతానికి ఎత్తితే 1 రాకూడదు. పదకొండు ఘాతాలతో పని అయిపోతుంది. ఆధారంగా 10 మాత్రం వద్దు: పంతొమ్మిదో ఘాతానికే 1 వచ్చేస్తుంది, పరీక్ష బెడిసికొడుతుంది.

సంచాలకుడు: "పక్క" అంటే పక్క అంకె అనుకునే ఇచ్చాను. పక్క సంఖ్య అనిపించారు! ఈ పూరణకే నా ఓటు.

గుణకం: "సులువుగ" అనడం ఒప్పుకోను. 333667 ప్రధానమని ఎవరు చూపాలి? 577 దాకా భాగించాలి.

లఘువు: అన్నిటితో అక్కర్లేదు, 18క + 1 రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు చాలు: 19, 37, 73, తర్వాత శేషం గారి 109. దానితో భాగిస్తే 18 మిగులుతుంది.