పాపని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లక తప్పదా?

గాజువాక అమ్మ:
మా పాపకి 11 ఏళ్లు. ఫోన్ ఆటలో పరిచయమైన ‘అన్నయ్య’ ఎవడో ఫొటో పంపమని వారంగా వేధిస్తున్నాడట. రాత్రి దుప్పట్లో ఫోన్ వెలుగు చూసి అడిగితే వెక్కివెక్కి ఏడ్చింది. మావారు ఫోన్ పగలగొడతానంటున్నారు. స్టేషన్ అంటే నాకు భయం.

మద్దిలపాలెం టీచర్:
ముందు దాన్ని దగ్గరకి తీసుకోండమ్మా. తిడితే మళ్లీ నోరు విప్పదు, పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. చాట్ చెరపొద్దు, అదే సాక్ష్యం. వాడి ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చెయ్యండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు.

సీతమ్మధార నాన్న:
పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వచ్చే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. పేరు బయటికి రానివ్వకూడదు.

గాజువాక అమ్మ:
1098కి చేశానండీ. ఫోన్ బీరువాలో పెట్టాం. పాప నా ఒళ్లోనే నిద్రపోయింది.